వెన్నులో దారి, బోరులో నీరు

"కాలు పడిపోయింది" అని మనవాళ్ళు అనే మాట ఒక్కటే. ఆ మాట కింద మాత్రం రెండు వేరువేరు జబ్బులున్నాయి. ఒకదాంట్లో కాలు సన్నబడి, మెత్తబడి గుడ్డపీలికలా వేలాడుతుంది. రెండోదాంట్లో కాలు బిగుసుకుపోయి, మడవమంటే మడవదు. పావగడ తాలూకా పల్లెల్లో ఒక తరం కిందట ఈ రెండు రకాల కాళ్ళూ కనబడేవి. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, మన ఒంట్లో కదలిక ఎలా నడుస్తుందో తెలుస్తుంది. మన పెద్దవాళ్ళను ఎప్పుడు డాక్టరుకు చూపించాలో కూడా తెలుస్తుంది. అందుకే ఈసారి ఈ శీర్షికలో ఆ సంగతి చెప్పుకుందాం.

పావగడ ఎరుగని పాఠకులకు రెండు మాటలు. కర్ణాటకలో తుమకూరు జిల్లాకు చెందిన తాలూకా అది. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు నుంచి ఆంధ్ర దాన్ని చాలావరకు చుట్టుకుని ఉంటుంది. ఆఫీసు కాగితాలు కన్నడంలో, ఇంట్లో మాటలు తెలుగులో. శనిమహాత్ముని గుడి వల్ల చాలామందికి ఆ పేరు తెలుసు. ఈమధ్య తిరుమణి చుట్టుపక్కల వెలసిన 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వల్ల ఇంకా తెలిసింది. ఎండకు కొరత లేదు. కొరతంతా నీటికే. నాగలమడికె దగ్గర పారే ఉత్తర పినాకినిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనబడుతుంది.

హెడ్డాఫీసు, బ్రాంచి

మీరు కాఫీ గ్లాసు అందుకోవాలనుకున్నారు. మెదడు పైపొరలో, నడినెత్తి నుంచి చెవి వైపుకు దిగే పట్టీ లాంటి భాగం ఒకటుంది. ఆజ్ఞ అక్కడ బయలుదేరుతుంది. అక్కడి నాడీకణాల తీగలు కిందికి దిగుతూ, మెదడు అడుగున చాలావరకు అటువి ఇటు, ఇటువి అటు దాటుకుంటాయి. అందుకే మెదడు ఎడమవైపు దెబ్బతింటే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి. మనం పక్షవాతం అనేది దాన్నే. దాటిన తీగలు వెన్నుపాములో కిందికి సాగుతాయి. ఒక్కో వైపు సుమారు 10 లక్షల తీగలు. అవన్నీ ప్రయాణం చేసే వెన్నుపాము పొడవు 45 సెంటీమీటర్ల లోపే, లావు చిటికెనవేలంత.

ఈ తీగలు నేరుగా కండరానికి పోవు. వెన్నుపాము ముందు భాగంలో మరో రకం నాడీకణాలు కాచుకుని ఉంటాయి. పైనుంచి వచ్చిన ఆజ్ఞను ఇవి అందుకుని, తమ సొంత తీగల ద్వారా కండరానికి పంపుతాయి. ఆ తీగలు 31 జతల నరాలుగా వెన్నెముక నుంచి బయటికొస్తాయి. పాదానికి పోయే తీగ దాదాపు మీటరు పొడవు. వార్త సెకనుకు 50 మీటర్ల వేగంతో పోతుంది. చివరన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం రవ్వంత విడుదలై, కండరం ముడుచుకుంటుంది. కన్ను తిప్పే కండరంలో ఒక్కో నాడీకణం కింద పది చిల్లర కండరపు పోగులుంటే, పిక్కలో వెయ్యికి పైగా ఉంటాయి. కంటికి సూక్ష్మం కావాలి, పిక్కకు బలం కావాలి.

కామర్సు చదివి బ్యాంకులో పనిచేసే నాకు ఇది ఇలా అర్థమైంది. మెదడు హెడ్డాఫీసు. వెన్నులోని కింది కణం బ్రాంచి మేనేజరు. కండరం కౌంటరు. ఏ ఉత్తర్వు వచ్చినా మేనేజరు సంతకం లేకుండా కౌంటరులో పైసా కదలదు. ఇంగ్లండు శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ ఈ కింది కణాన్ని అన్ని ఆజ్ఞలూ కలిసే ఆఖరి దారి అన్నాడు. నాడీకణాల పనిని వివరించినందుకు 1932లో ఆయనకు, అడ్రియన్ అనే శాస్త్రవేత్తకు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

బ్రాంచికి కొన్ని సొంత అధికారాలు కూడా ఉన్నాయి. ముల్లు గుచ్చుకోగానే కాలు పైకి లేస్తుంది. నొప్పి సంగతి మెదడుకు ఆ తర్వాత తెలుస్తుంది. డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో తడితే కాలు ఎగరడమూ బ్రాంచి స్థాయి నిర్ణయమే. అయితే ఇవి మితిమీరకుండా హెడ్డాఫీసు ఎప్పుడూ కళ్ళెం పట్టుకునే ఉంటుంది. హెడ్డాఫీసు పనిలో సగం "వద్దు" అనడమేనని ఏ బ్యాంకు మేనేజరునడిగినా చెబుతాడు!

తెగినచోటును బట్టి జబ్బు

ఇప్పుడు రెండు రకాల కాళ్ళ సంగతికి వద్దాం. పోలియో క్రిమి వెన్నులోని కింది కణాలను చంపేస్తుంది. బ్రాంచే మూతపడింది. ఉత్తర్వు వచ్చినా అందుకునే దిక్కు లేదు. కండరం మెత్తబడి, ఎండి, సన్నబడుతుంది. మన దేశంలో సహజ పోలియో క్రిమితో వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో బయటపడింది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ దొరికింది. చుక్కల మందు చేసిన మేలు అది.

రెండో రకంలో బ్రాంచి బాగానే ఉంది, హెడ్డాఫీసు లైను తెగింది. "వద్దు" అనే వాళ్ళు లేరు. కండరాలు అదుపు లేక బిగుసుకుంటాయి. మోకాలు తడితే కాలు ఎగిరి పడుతుంది. అరికాలు గీస్తే, కిందికి వంగవలసిన బొటనవేలు పైకి లేస్తుంది. ఈ గుర్తును 1896లో పారిస్ డాక్టరు బాబిన్‌స్కీ వివరించాడు. ఏడాది లోపు పసిపిల్లల్లో ఇది మామూలే. వాళ్ళ వెన్నులోని తీగలకు పైపూత ఇంకా పూర్తికాదు. పెద్దవాళ్ళలో కనబడితే మాత్రం పైదారి ఎక్కడో దెబ్బతిన్నదని అర్థం.

పావగడలో ఆ దారి ఎందుకు దెబ్బతింటుంది?

నీటి వల్ల. ఆ నేల కింద ఉన్నది పాత నల్లరాయి, చెక్కురాయి జాతి. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. వానలు తక్కువై, బోర్లు లోతై, నీరు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్నకొద్దీ ఫ్లోరైడు పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. దాటితే పిల్లల పళ్ళమీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు మందమవుతాయి. వెన్నుపూసలను కట్టి ఉంచే మెత్తని నారలు కూడా ఎముకలా గట్టిపడతాయి. చిటికెనవేలంత వెన్నుపాము ఉన్న గొట్టం లోపలివైపు ఇరుకవుతుంది. 10 లక్షల తీగలూ నలుగుతాయి. కొందరిలో మెడ దగ్గర నలిగినప్పుడు అక్కడి కింది కణాలూ నరాలూ దెబ్బతిని చేతులు సన్నబడతాయి. పైదారి తెగి కాళ్ళు బిగుస్తాయి. అంటే రెండు రకాలూ ఒకే మనిషిలో!

ఇది మన తెలుగునేల ముందుగా బయటపెట్టిన జబ్బు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో, వెన్ను కర్రలా బిగిసిపోయిన రైతులను పరీక్షించి రాశారు. తర్వాత నల్లగొండ పేరు మోగింది. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. హైదరాబాదు న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ జబ్బు వెన్నుపామును ఎలా నలుపుతుందో చాలాకాలం పరిశోధించారు.

పల్లె బ్రాంచిల్లో పింఛను కోసం వచ్చే పెద్దవాళ్ళను చూశాను. వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే కొందరు తల తిప్పరు, మనిషంతా తిరుగుతారు. అడిగితే "వాతం నాయనా, వయసైపోలా" అంటారు. ఆ మాటతోనే ఇంట్లోవాళ్ళూ ఊరుకుంటారు. ప్రమాదమంతా అక్కడే ఉంది. చేతి నరం తెగితే రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరగగలదు. వెన్నుపాములోని తీగ అలా పెరగదు. పూర్తిగా నలగకముందే చూపిస్తే కొందరికి ఆపరేషనుతో ఒత్తిడి తగ్గించవచ్చు. పైగా బిగుసుకున్న ప్రతి కాలూ ఫ్లోరైడు వల్లే అనుకోకూడదు. వెన్నులో క్షయ, బి12 విటమిను లోపం, గడ్డలు కూడా ఇలాగే చేస్తాయి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. స్కానింగు చూసిన డాక్టరే తేల్చగలడు. ఆ వైపు వాళ్ళకు బెంగుళూరులో నిమ్‌హాన్స్ ఉంది.

మనం చేయవలసింది

పండక్కి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ, తాతయ్యల చెప్పులు తిరగేసి చూడండి. ముందుభాగం అరిగిపోయి ఉంటే, కాలు లేవక నేలకు రాసుకుంటోందన్నమాట. గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందా, చేతులు తిమ్మిరెక్కుతున్నాయా, మూత్రం ఆపుకోలేకపోతున్నారా అని మెల్లగా అడగండి. ఉంటే ఆలస్యం చేయకండి.

నీటి సంగతీ కనుక్కోండి. కాచినంతమాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది. మామూలు గుడ్డ వడపోతకూ పోదు. ఆర్.ఓ. పద్ధతిలో శుద్ధి చేసిన నీరు గానీ, వాననీరు గానీ, నది నుంచి పైపులో వచ్చే నీరు గానీ తాగాలి. పావగడ పల్లెలకు తుంగభద్ర జలాశయం నుంచి నీరు తెచ్చే పెద్ద పథకం ఈమధ్యే చేపట్టారు. మీ ఊరి కుళాయిలో వచ్చేది ఆ నీరా, పాత బోరు నీరా అన్నది అడిగి తెలుసుకోవాలి. బిడ్డలకు, బాలింతలకు ముందుగా మంచినీరు అందాలి. తాతయ్య వెన్నులో నలిగిన దారిని మనం బాగుచేయలేకపోవచ్చు. అదే ఇంట్లో పెరుగుతున్న పిల్లవాడి దారిని ఒక బిందె మంచినీటితో కాపాడుకోవచ్చు.