అడవి ప్రైవేటుదే.. మరి అందులో నడిచే హక్కు ఎవరిది? బ్రిటన్‌లో తెగని పంచాయితీ

యజమాని అనుమతి లేకుండా ప్రైవేటు భూమిలో టెంట్ వేసుకుని రాత్రి పడుకోవచ్చా? డార్ట్‌మూర్‌ కామన్స్‌లో అయితే పడుకోవచ్చని 2025 మే 21న బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ట్రెక్కింగ్ చేసేవాళ్లు సంబరాలు చేసుకున్నారు. కానీ ఈ తీర్పుతో ఇంగ్లండ్‌లో ఒక్క ప్రైవేటు అడవి గేటు కూడా తెరుచుకోలేదు. ఎందుకో చూద్దాం.

అసలేం జరిగింది?

డార్ట్‌మూర్ నైరుతి ఇంగ్లండ్‌లోని నేషనల్ పార్క్. విస్తీర్ణం 954 చదరపు కిలోమీటర్లు. నేషనల్ పార్క్ అనగానే సర్కారు భూమి అనుకుంటాం. కానీ అక్కడ చాలా భూమికి ప్రైవేటు యజమానులున్నారు. అలా పెద్ద ఎస్టేట్ ఉన్న ఓ దంపతులు తమ భూమిలో టెంట్లు వేయడంపై కోర్టుకెక్కారు. నిప్పు అంటుకుంటుందని, పశువులకు ఇబ్బందని వారి వాదన. 2023 జనవరిలో హైకోర్టు వారి వైపు మొగ్గింది. అదే ఏడాది జులైలో అప్పీల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చివరకు సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిలూ ఏకగ్రీవంగా దంపతుల అప్పీల్‌ను తోసిపుచ్చారు.

కేసంతా ఒక్క మాట చుట్టూనే తిరిగింది. 1985 నాటి డార్ట్‌మూర్ కామన్స్ చట్టం 'ఆరుబయట వినోదం' కోసం అక్కడి కామన్స్‌లో తిరిగే హక్కు జనానికి ఇచ్చింది. కామన్స్ అంటే యజమాని ఒకరున్నా, ఇతర రైతులకూ పశువులు మేపుకునే హక్కు ఉండే బయలు భూములు. టెంట్‌లో పడుకోవడం వినోదం కిందకు వస్తుందా? వస్తుందనే కోర్టు చెప్పింది. అయితే ఆ చట్టం డార్ట్‌మూర్‌ కామన్స్‌కే పరిమితం. కాబట్టి తీర్పు కూడా అక్కడికే!

అడవులకు ఎందుకు వర్తించదు?

ఇంగ్లండ్, వేల్స్‌లకు 2000లో వచ్చిన చట్టం కొండలు, బీళ్లు, గడ్డి నేలలు, కామన్స్‌లో స్వేచ్ఛగా నడిచే హక్కు ఇచ్చింది. ఇది ఇంగ్లండ్ భూమిలో సుమారు 8 శాతమే. ఆ జాబితాలో అడవుల్లేవు. ప్రభుత్వ అటవీ సంస్థ తన సొంత అడవుల్లో చాలావరకు జనానికి తెరిచింది. ప్రైవేటు అడవుల్లో మాత్రం యజమాని దయ ఉండాలి, లేదా లోపలి నుంచి పబ్లిక్ ఫుట్‌పాత్ వెళ్లాలి. ఫుట్‌పాత్ ఉన్నా దాని మీదే నడవాలి. పక్కకు దిగితే ట్రెస్‌పాస్ చేసినట్టే.

యజమానుల భయాలను కొట్టిపారేయలేం. చెత్త పడేస్తారు, వదిలేసిన కుక్కలు గూళ్లు పెట్టే పక్షుల్ని బెదరగొడతాయి, వేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలు. మరి కొమ్మ విరిగి ఎవరి మీదైనా పడితే పరిహారం ఎవరివ్వాలి? ఈ చివరి ప్రశ్నకు 2000 చట్టంలోనే జవాబుంది. హక్కు వర్తించే భూముల్లో చెట్లు, వాగుల్లాంటి సహజమైన వాటి వల్ల దెబ్బ తగిలితే సాధారణంగా యజమానికి బాధ్యత ఉండదు. అదే రక్షణను అడవులకూ ఇవ్వొచ్చు.

ఇంకో కోణమూ ఉంది. బ్రిటన్‌లో కలప కోసం పెంచే అడవుల లాభంపై ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. కొత్తగా అడవి పెంచితే గ్రాంట్లు కూడా ఇస్తున్నారు. జనం సొమ్ముతో రాయితీ తీసుకున్నప్పుడు జనాన్ని గేటు బయటే ఆపడం ఎంతవరకు న్యాయం అన్నది ఉద్యమకారుల ప్రశ్న.

స్కాట్లండ్ ఏం చేసింది?

2003లో స్కాట్లండ్ లెక్కను తిరగేసింది. ఇంగ్లండ్ చట్టం 'ఎక్కడెక్కడికి వెళ్లొచ్చో' చెబుతుంది. స్కాట్లండ్ చట్టం 'ఎక్కడికి వెళ్లకూడదో' చెబుతుంది. ఇంటి ఆవరణ, పంట వేసిన పొలం లాంటివి తప్ప ప్రైవేటు అడవులు సహా దాదాపు అన్నిచోట్లా నడవొచ్చు, టెంట్ వేసుకోవచ్చు. బండి తీసుకెళ్లడం, వేటాడటం కుదరదు. బాధ్యతగా ఉన్నంతసేపే ఈ హక్కు.

అక్కడా సమస్యలు లేవని కాదు. లాక్ లోమండ్ సరస్సు ప్రాంతంలో టెంట్ల తాకిడి పెరగడంతో 2017 నుంచి కొన్ని ఒడ్లలో మార్చి-సెప్టెంబర్ మధ్య పర్మిట్ తప్పనిసరి చేశారు. అంటే ఇబ్బంది వచ్చిన చోట ఆంక్ష పెట్టారే తప్ప, దేశమంతా తాళం వేయలేదు.

ఈ తరహా చట్టం ఇంగ్లండ్‌కూ తెస్తామని ప్రతిపక్షంలో ఉన్నప్పుడు లేబర్ పార్టీ చెప్పింది. 2023 అక్టోబర్‌లో వెనక్కి తగ్గింది. 2024లో అధికారంలోకి వచ్చింది.

మనవాళ్లు తెలుసుకోవాల్సింది

యూకేలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు వీకెండ్ ట్రెక్కింగ్‌కు వెళ్లడం మామూలే. స్కాట్లండ్‌లో చెల్లిన పద్ధతి ఇంగ్లండ్ అడవిలో చెల్లదు. అక్కడ ట్రెస్‌పాస్ సాధారణంగా క్రిమినల్ నేరం కాదు, సివిల్ తగాదా. అలాగని మొండికేయొద్దు. యజమాని వెళ్లిపొమ్మంటే వెళ్లిపోవాల్సిందే. డార్ట్‌మూర్‌లో కూడా చిన్న టెంట్‌తో ఒకే చోట రెండు రాత్రులకు మించి ఉండకూడదు, మంట పెట్టకూడదు.

డార్ట్‌మూర్ కేసులో జనం గెలిచారంటే 40 ఏళ్ల కిందటే చట్టంలో రెండు మాటలు రాసిపెట్టి ఉన్నాయి కాబట్టే. అడవుల కోసం అలాంటి మాట ఎక్కడా రాసి లేదు. కోర్టు ఉన్న చట్టాన్ని చదివి చెప్పగలదు, లేనిదాన్ని రాయలేదు. రాయాల్సింది పార్లమెంటే. మరి లేబర్ సర్కారు పాత మాట మళ్లీ గుర్తు చేసుకుంటుందా?