తొందరలేని కుటీరమే దంపతులకు రసాయనం

వయసు మళ్ళిన దంపతులు ఈ నడుమ నా వైద్యశాలకు వచ్చి, నాడి చూపించుకోవడం ముగిశాక ఒక సందేహం అడుగుతున్నారు. "వైద్యులుగారూ, ఊరి బయట కొద్దిపాటి జాగా ఉన్నది. పిల్లలు దూరదేశాలలో ఉన్నారు. రెండు గదులు వేసుకుని వారానికి రెండు రోజులైనా చల్లగాలికి గడుపుదామని అనుకుంటున్నాం. ఆరోగ్యానికి మంచిదేనా?"

మంచిదే. అయితే ఆ మంచి ఎంత దక్కుతుందన్నది ఆ ఇంటిని కట్టుకునే తీరును బట్టి ఉంటుంది. అటువంటి ఇంటి వల్ల కలిగే ప్రయోజనంలో సగం అందులో నివసించడం వల్ల వస్తుంది. మిగిలిన సగం దానిని మెల్లమెల్లగా, దంపతులిద్దరిలో ఎవరి బలం తక్కువో వారి బలాన్నే కొలతగా పెట్టుకుని కట్టుకోవడం వల్ల వస్తుంది. ఇది నా అభిప్రాయం. శాస్త్రం చదివి కొంత, నా ఇంట దెబ్బ తగిలి కొంత, ఈ మాట నేర్చుకున్నాను.

శాస్త్రం చెప్పిన కుటి

చరక సంహిత చికిత్సాస్థానం రసాయన విధితోనే మొదలవుతుంది. ముదిమిని, రోగాన్ని దూరంగా ఉంచే ఆ విధి రెండు రకాలు. ప్రత్యేకంగా కట్టిన కుటిలో ప్రవేశించి, నియమంతో ఉంటూ ఔషధం సేవించడం కుటీప్రావేశికం. గాలిలో, ఎండలో తిరుగుతూ, తన పనులు తాను చేసుకుంటూ సేవించడం వాతాతపికం.

ఆ కుటి ఎట్లా ఉండాలో కూడా ఆచార్యులు చెప్పారు. భయం లేని చోట, కావలసిన వస్తువులు దొరికే ఊరిలో, మంచి నేల మీద ఉండాలి. గదిలో గది, అందులో మరొక గది ఉండాలి. గోడలు మందంగా, గవాక్షాలు చిన్నవిగా ఉండాలి. అన్ని ఋతువులలో సుఖమివ్వాలి. వినరాని శబ్దాలు చేరరాదు. వైద్యుడు, ఔషధాలు అందుబాటులో ఉండాలి. వీటన్నిటి నడుమ, అది మనసుకు నచ్చినదై ఉండాలని ఒక మాట ఉన్నది.

గురుకులంలో ఈ పాఠం విన్నప్పుడు నాకు పదిహేడేళ్ళు. గోడల మందాన్నీ, మనసుకు నచ్చడాన్నీ ఒకే వరుసలో ఎందుకు చెప్పారని మా గురువుగారిని అడిగాను. "ఇల్లు కట్టుకున్నప్పుడు తెలుస్తుందిలే" అని నవ్వి ఊరుకున్నారు. తెలియడానికి నలభై ఏళ్ళు పట్టింది.

ఆ కుటి స్త్రీవర్జితమై ఉండాలన్న నియమం కూడా ఆ వర్ణనలోనే ఉన్నది. అది వ్రతం పట్టినట్లు ఒంటరిగా రసాయనం సేవించే వానికి చెప్పినది. గృహస్థులకు నేను రెండు విధులను కలిపి చెబుతాను. కుటి కావాలి, దానిని గాలిలో, ఎండలో దంపతులిద్దరూ కలిసి కట్టుకోవాలి. ఈ కలిపి చెప్పడం నాది. దీనిని చరకుని పేరిట చెలామణి చేయను.

మా పది గుంటలు

బోధన్ నుండి రెంజల్ వైపు వెళ్ళే దిక్కున మా మామగారు నా సహధర్మచారిణికి పసుపు కుంకుమల కింద ఇచ్చిన పది గుంటల నేల ఉన్నది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీటిని ఈ ప్రాంతానికి మళ్ళించింది. ఆ నీటితో చెరకు పెరిగింది. ఆ చెరకును నమ్ముకుని 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. చెరకు బండ్ల వరుసలు, గాలిలో తేలివచ్చే తీపి వాసన మా తరం వారి బాల్యంలో భాగం.

2015 జూలైలో గోదావరి పుష్కరాలు వచ్చాయి. మంజీర గోదావరిలో కలిసే కందకుర్తిలో స్నానం చేసి తిరిగి వస్తుండగా ఆమె ఆ నేల దగ్గర బండి ఆపించింది. "ఇక్కడ రెండు గదులు వేసుకుందామండీ. నేను చచ్చేలోపు నా నేల మీద నాలుగు రాత్రులైనా పడుకోవాలి" అన్నది. అదే ఏడు డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తరువాత నిద్ర పట్టడం లేదనీ, అన్నం సయించడం లేదనీ నా వద్దకు వచ్చిన వారిలో ఆ పని చేసిన చేతులు చాలా ఉన్నాయి. పనికి అలవాటు పడిన శరీరానికి ఒక్కసారిగా పని లేకపోతే అగ్ని మందగిస్తుంది, నిద్ర చెడుతుంది. ఉద్యోగ విరమణ చేసిన ప్రతి ఇంటా ఇది చిన్న పాళ్ళలో జరిగేదే. కొద్ది కొద్దిగా చేసుకునే నిర్మాణం ఆ శరీరానికి మళ్ళీ ఒక పని ఇస్తుంది.

మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు వారుతుంది. దాని స్వభావం తెలియక పునాది వేస్తే గోడలు పగులుతాయి. అందుచేత 2016 వర్షాకాలమంతా ఏమీ కట్టకుండా చూస్తూ గడిపాం. నీరు ఎక్కడ నిలుస్తున్నది, ఎటు పారుతున్నది, గాలి ఎటునుండి వస్తున్నది గమనించాం. కార్తికంలో నల్లమట్టిని లోతుగా తీయించి, మొరం పోయించి, రాతి పునాది వేయించాం. బరువు పనికి ఒక మేస్త్రి, ఇద్దరు కూలీలు. మిగిలినది మా ఇద్దరిదే. ఇసుక జల్లించడం, ఇటుక అందించడం, గోడలకు నీళ్ళు కొట్టడం ఆమె పని. మొక్కలకు గుంతలు తీయడం, లెక్కలు చూడడం నా పని.

2017 చలికాలానికి గోడలు కిటికీల ఎత్తు దాటాయి. ఇద్దరికీ వేళకు ఆకలి వేసేది, పడుకోగానే నిద్ర పట్టేది. అంతకుముందు ముప్పై అయిదేళ్ళ సంసారంలో నా లోకం వైద్యశాల, ఆమె లోకం వంటిల్లు. ఇద్దరం ఒకే పనిని ఒకే చోట చేయడం అదే మొదలు.

తొందర తెచ్చిన తంటా

2018 వేసవిలో నా బుద్ధి గడ్డి తిన్నది. గల్ఫ్‌లో ఉన్న కుమారుడు సెలవుపై వస్తున్నాడనగానే, వానలకు ముందే గృహప్రవేశం చేయాలని ముహూర్తం పెట్టించాను. బంధువులకు చెప్పాను. పెంకులు వద్దు, స్లాబు వేద్దామన్నాను. ఆమె ఒకటి రెండుసార్లు "ఎందుకింత ఉరుకులాట?" అన్నది. నేను వినలేదు.

వ్యాయామం బలంలో సగమే ఖర్చయ్యేటట్లు చేయాలని వాగ్భటుని ఉపదేశం. అదీ చలికాలంలో, వసంతంలో మాత్రమే. గ్రీష్మంలో అంతకంటే తగ్గించాలి. నుదుట, ముక్కు మీద చెమట పట్టి, నోరు ఎండడం మొదలయిందంటే సగం బలం అయిపోయిందని మా పెద్దల లెక్క. శక్తికి మించిన పనికి శాస్త్రంలో సాహసమని పేరు. రాజయక్ష్మకు చరకుడు చెప్పిన నాలుగు హేతువులలో అదీ ఒకటి. ఇవన్నీ నేను రోగులకు నిత్యం చెప్పేవే. ఆ నోటితోనే ఏప్రిల్ నెలాఖరులో ఒక పగటిపూట, "ఇంకో నాలుగు బిందెలు పోస్తే ఈ గోడ అయిపోతుంది" అన్నాను.

మూడవ బిందెతో వస్తూ ఆమె ఇటుకల కుప్ప పక్కన తూలి పడింది. ఒళ్ళు కాలిపోతున్నది. కుడి మణికట్టు వంకర తిరిగింది. నీడకు చేర్చి, తడి గుడ్డలు కప్పి, విసురుతూ బోధన్‌లో ఆస్పత్రికి చేర్చాం. ఎముక విరిగింది. ఆరు వారాల కట్టు. ముహూర్తం దాటిపోయింది. కుమారుడు వచ్చి, పైకప్పు లేని గోడలనూ, తల్లి చేతి కట్టునూ చూసి నన్నేమీ అనలేదు. సెలవు దినాలన్నీ తానే వంట చేసి మా ఇద్దరికీ పెట్టాడు. అనకపోవడమే నాకు పెద్ద మాట.

ఆమె మాత్రం ఒక్కసారి అన్నది. "ఇన్నేళ్ళు ఆగిన దాన్ని ఇంకో ఏడు ఆగలేనా? తొందర మీది. ఇల్లు నాది." మనసుకు నచ్చినది అన్న మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది. ఆ రెండు నెలలలో నేను కట్టించినది నా ప్రతిష్ఠకు నచ్చిన ఇల్లు.

ఏడాదిన్నర పాటు ఒక్క ఇటుక కదల్చలేదు. 2019 చలికాలంలో స్లాబు ఆలోచన మాని, కూల్చివేసిన పాత ఇంటి టేకు వాసాలు, గూనపెంకులు కొని కప్పు వేయించాం. మరుసటి ఏడు కరోనా వల్ల మళ్ళీ విరామం. 2021లో తలుపులు, ముందర అరుగు. లోపలి గదికి నేటికీ గచ్చు లేదు. మట్టి నేలను ఆమె ఎడమ చేత్తోనే అలుకుతుంది. వాన ముసురు పట్టిన రోజున కుడి మణికట్టు ఇప్పటికీ సలుపుతుంది. నువ్వుల నూనె వెచ్చచేసి నేనే రాస్తాను.

ఇట్లా కట్టుకున్నవారు ఉన్నారు

వాస్తుశిల్పి లారీ బేకర్, ఆయన భార్య డాక్టర్ ఎలిజబెత్ 1948లో వివాహమాడి, హిమాలయాలలోని పిథోరాగఢ్ ప్రాంతంలో ఇల్లు, ఆస్పత్రి కట్టుకుని దాదాపు పదహారేళ్ళు అక్కడే సేవ చేశారు. తరువాత తిరువనంతపురంలో రాళ్ళ వాలు మీద వారు కట్టుకున్న ఇల్లు కూడా పాత కలప, పాత ఇటుకలు చేర్చుకుంటూ ఏళ్ళ తరబడి పెరిగినదే. మన జహీరాబాద్ దగ్గర బిడకన్నెలో కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు బీడు నేలను ఏళ్ళపాటు ఓపికగా చెట్ల తోటగా మార్చారు. 2017లో ప్రపంచ దేశాల పెర్మాకల్చర్ సాధకులు అక్కడే సమావేశమయ్యారు. నేల మీద దంపతుల ఓర్పు పని చేస్తుందనడానికి ఇవి సాక్ష్యాలు.

ఆలస్యం చేస్తే ఇటుక, సిమెంటు ధరలు పెరుగుతాయి కదా అని కొందరంటారు. పెరుగుతాయి, కాదనను. కాని ఏటా చేతిలో ఉన్నంతే ఖర్చు చేసినవారికి అప్పు ఉండదు. ముసలితనంలో అప్పు వంటి నిద్ర చెరుపు మరొకటి లేదు. ఇక పది గుంటలు లేనివారి మాట. సొంత ఊరిలో పాడుబడుతున్న పెద్దల ఇల్లు ఉంటే, అందులో ఒక్క గదిని ఏటా కొంచెం బాగుచేసుకున్నా ఫలితం ఇదే.

కట్టుకునేవారికి నా సూచనలు

ఒక వర్షాకాలం చూడనిదే పునాది తవ్వవద్దు. కార్తికం నుండి ఫాల్గుణం వరకే శరీరంతో పని చేయండి. ఉదయపు పూట చాలు. వేసవిలో చెట్లకు నీళ్ళు పోయడంతో సరిపెట్టుకోండి.

పని నడుమ ఉప్పు, అల్లం వేసిన పలుచని మజ్జిగ తాగండి. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పు విషయం తమ వైద్యుని అడగాలి. సాయంకాలం నువ్వుల నూనెతో ఒళ్ళు మర్దించుకుని వేడినీళ్ళ స్నానం చేస్తే పట్టేసిన కండరాలు సడలుతాయి. జ్వరం, అజీర్ణం ఉన్ననాడు మర్దన కూడదు.

తడి సిమెంటును వట్టి చేతులతో ముట్టవద్దు, చర్మం కాలుతుంది. అంటితే ధారగా నీళ్ళతో కడగండి. పగుళ్ళకు కొబ్బరినూనె మంచిది. కొత్త గోడల చెమ్మ పూర్తిగా ఆరనిదే లోపల పడుకోవద్దు. ఉబ్బసం ఉన్నవారికి అది మరీ హాని. చవకని ఆస్‌బెస్టాస్ రేకులు వేయవద్దు, వాటిని కోసినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు విషం. తాగే నీటిని పరీక్ష చేయించండి.

చెరకు తోటల పక్కన ఎలుకలుంటాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. గుమ్మం చుట్టూ గడ్డి పెరగనీయకండి. చీకట్లో దీపం లేకుండా అడుగు వేయకండి. కాటు పడితే మూలికల కోసం వెదకవద్దు. ఈ మాట ఆయుర్వేద వైద్యునిగానే చెబుతున్నాను. కోయడం, గట్టిగా కట్టు బిగించడం చేయకుండా, ఆ మనిషిని కదలనీయక, విరుగుడు ఇంజక్షన్ దొరికే ఆస్పత్రికి వెంటనే చేర్చండి. ఎండలో పనిచేస్తున్న మనిషికి ఒళ్ళు కాలి మాట తడబడినా ఆస్పత్రికే. కుటికి వైద్యుడు అందుబాటులో ఉండాలన్న చరకుని షరతు ఇందుకే. స్థలం ఎంచుకునేటప్పుడే ఆస్పత్రి ఎంత దూరమో చూసుకోండి.

చివరగా ఒక మాట. గృహప్రవేశానికి ముందుగా తేదీ పెట్టుకోకండి. ఇద్దరిలో ఒకరు "ఈ రోజుకు చాలు" అంటే, రెండవవారు తాపీ కింద పెట్టాలి. ఆ ఒక్క నియమం పాటించగలిగితే, రానున్న కార్తికంలో నిశ్చింతగా ముగ్గు పోయండి.