పాట కోసం వస్తున్నారా... ముందు ఇవి తెలుసుకోండి!

తిరుపతి రైల్వేస్టేషన్లో దిగినవారు ముందుగా అడిగేది ఒకటే... 'కొండమీద రద్దీ ఎలా ఉంది?' అని. ఫాల్గుణ బహుళ ద్వాదశి దగ్గరపడుతుంటే మాత్రం ఇంకో ప్రశ్న కూడా వినిపిస్తుంది... 'గోష్ఠిగానం ఎన్నింటికి?'

1503లో ఆ తిథినాడే తాళ్లపాక అన్నమాచార్యులు స్వామిలో ఐక్యమయ్యారు. ఆయన వర్ధంతి ఉత్సవాలను తిరుమల తిరుపతి దేవస్థానం ఏటా నిర్వహిస్తోంది. సంగీత సభలు, సాహిత్య సదస్సులు, హరికథలు, వందలమంది గొంతు కలిపే గోష్ఠిగానం... పాటంటే ఇష్టమున్నవారికి అంతకుమించిన పండగ లేదు. కానీ ఎంతో దూరం నుంచి వచ్చి, క్యూలోనే సాయంత్రం గడిచిపోయి, ఒక్క పాటైనా వినకుండా తిరుగు రైలెక్కేవారూ ఉంటారు. కాస్త ముందుచూపు ఉంటే ఆ బాధ తప్పుతుంది.

క్యాలెండర్ కాదు, పంచాంగం

ఈ ఉత్సవం తిథిని బట్టి వస్తుంది. 2023లో మార్చిలో వస్తే, 2024లో ఏప్రిల్‌లో వచ్చింది. కాబట్టి 'పోయినసారి ఫలానా తేదీ కదా' అని టికెట్లు కొనేయకండి. పంచాంగం చూసుకుని, తితిదే ప్రకటనతో సరిపోల్చుకోండి. ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు, కొండమీద గదులు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. అవి దొరక్కపోతే కింద తిరుపతిలో రైల్వేస్టేషన్ ఎదుట విష్ణునివాసం, బస్టాండ్ ఎదుట శ్రీనివాసం ఉండనే ఉన్నాయి.

మూడు చోట్ల ముచ్చట

ఉత్సవం ఒక్కచోట జరగదు. తిరుపతిలో అన్నమాచార్య కళామందిరం, మహతి ఆడిటోరియం, కొండమీద నారాయణగిరి ఉద్యానవనాలు, రాజంపేట దగ్గర అన్నమయ్య పుట్టిన తాళ్లపాక... అన్నిచోట్లా కార్యక్రమాలుంటాయి. అన్నీ చూసేయాలనుకుంటే ఏదీ సరిగా చూడలేరు. తిరుపతి నుంచి రాజంపేటకే బస్సులో రెండు గంటల ప్రయాణం. అక్కడి 108 అడుగుల అన్నమయ్య విగ్రహం చూడాలంటే దానికో రోజు విడిగా పెట్టుకోవడం మేలు.

తిరుపతిలో సభలకు టికెట్ ఉండదు. ముందొచ్చినవారికి ముందు సీటు! పెద్దవాళ్లుంటే అరగంట ముందే చేరుకోండి. ఆటో అన్నకు 'కళామందిరం' అనో 'మహతి' అనో చెబితే చాలు. ఎంతిస్తారో మాత్రం ఎక్కకముందే మాట్లాడుకోండి.

చెప్పులు విడిచి... మెట్లెక్కి

వర్ధంతికి ముందు తెల్లవారుజామున అలిపిరి పాదాల మండపం దగ్గర మెట్లోత్సవం జరుగుతుంది. మెట్లకు పూజ చేసి, భజన బృందాలు తాళాలతో పాడుకుంటూ కొండెక్కుతాయి. బాల అన్నమయ్య చెప్పులతో కొండెక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర సొమ్మసిల్లిపోతే, అలమేలుమంగమ్మే వచ్చి చెప్పులు విడవమని చెప్పిందని కథ. అందుకే చాలామంది వట్టికాళ్లతోనే నడుస్తారు. అలిపిరి దారిలో మెట్లు సుమారు 3,550. ఎండ ముదిరేలోపే సగం దాటేయాలి. మోకాళ్ల నొప్పులున్నవారు మండపం దగ్గర పాట విని బస్సెక్కినా తప్పేం లేదు. పిల్లలతో నడిచేవారు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2023లో చిరుత దాడుల తర్వాత కాలిదారిలో పిల్లలకు సమయ నిబంధనలు వచ్చాయి. బయల్దేరేముందే అడిగి తెలుసుకోండి.

రెండూ ఒకే సాయంత్రమా... వద్దు!

వచ్చినవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. వర్ధంతినాటి సాయంత్రం మలయప్పస్వామి ఉభయదేవేరులతో కలిసి నారాయణగిరి ఉద్యానవనాలకు వేంచేస్తారు. ఆయన ఎదుటే సప్తగిరి సంకీర్తనల గోష్ఠిగానం సాగుతుంది. అదే రోజు దర్శనం కూడా పెట్టుకుంటే క్యూ ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడు బయటపడతారో ఎవరూ చెప్పలేరు. దర్శనం ముందురోజో మర్నాడో చేసుకోండి. ఆ సాయంత్రాన్ని పాటకే వదిలేయండి.

భోజనానికి బెంగ అక్కర్లేదు, వెంగమాంబ అన్నప్రసాద భవనం ఉంది. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కొండమీదికి తీసుకెళ్లకూడదు, స్టీలు సీసా తెచ్చుకోండి. కింద చెమటలు పట్టినా పైన రాత్రి చల్లగాలి వీస్తుంది. పెద్దవాళ్లకో శాలువా ఉంటే మంచిది. రాత్రి కొన్ని గంటలు ఘాట్‌రోడ్డు మూసేస్తారు. అదేరోజు దిగిపోవాలనుకునేవారు చివరి బస్సు ఎప్పుడో ముందే కనుక్కోవాలి.

'ఇది ఆ రాగం కాదే!'

సభలో పక్కసీటు పెద్దాయన ఇలా గొణిగితే కంగారుపడకండి. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశారని ప్రతీతి. దొరికినవి సుమారు 14 వేలు. రాగిరేకుల మీద పాటతో పాటు రాగం పేరు ఉంది గానీ, ఎలా పాడాలో చెప్పే స్వరాలు లేవు. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు ఆ సాహిత్యాన్ని వెలికితీసి పరిష్కరిస్తే, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కొత్తగా స్వరాలు కట్టారు. అందుకే ఒకే పాట ఇద్దరి నోట రెండు రాగాల్లో వినిపిస్తుంది. అది తప్పు కాదు.

గోష్ఠిలో గొంతు కలపాలనుకుంటే మాత్రం అందరూ పాడే బాణీనే నేర్చుకుని రండి. ఇంట్లో పిల్లలకు ఆ ఏడు పాటలూ ముందే నేర్పిస్తే మరీ మంచిది. చుట్టూ అంతమంది పాడుతుంటే తాము కూడా పాడగలగడం... ఆ సంబరం వాళ్లకు చాలాకాలం గుర్తుంటుంది.

మరొక్క మాట. దర్శనం చేసుకుని వస్తున్నప్పుడు హుండీ దగ్గర్లో తాళ్లపాకవారి అర కనిపిస్తుంది. అన్నమయ్య పాటల రాగిరేకులు దాదాపు నాలుగు వందల ఏళ్లు ఉన్నది అందులోనే. అక్కడ ఎక్కువసేపు నిలబడనివ్వరు. నడుస్తూనే ఒకసారి పిల్లలకు చూపించండి. సాయంత్రం తోటలో వాళ్లు పాడబోయేది, ఆ చీకటిగదిలోంచి బయటికొచ్చిన పాటలే.