పాళ్ళు పంపను

2025 దీపావళికి నాలుగు రోజుల ముందు మా తమ్ముడి కొడుకు ఫోను చేశాడు. "పెదనాన్నా, ముత్తాతగారి చిచ్చుబుడ్ల పాళ్ళు మీ దగ్గర ఉన్నాయటగా, పంపరూ?" అని. పంపనన్నాను. వాడు చిన్నబుచ్చుకున్నాడు. ఎందుకు పంపనన్నానో చెప్పటానికే ఈ టపా.

అల్లవరంలో మా ఇంట దసరా వెళ్ళగానే సందడి మొదలయ్యేది. సూరేకారం, గంధకం, రజను అమలాపురం నుంచి పొట్లాలుగా వచ్చేవి. కుమ్మరి ఇంటి నుంచి మట్టి బుడ్లు. పాత కాగితాలు చుట్టి, మైదా ఉడకతో అతికించి మతాబు గొట్టాలు చేయటం పిల్లల వంతు. మందు జోలికి మాత్రం మమ్మల్ని రానిచ్చేవారు కాదు. అది తాతయ్య పని. సముద్రపు గాలికి చెమ్మగిల్లిన మందు చీదేస్తుంది కనుక ముసురు పట్టిందంటే ఎండ కోసం రోజుల తరబడి కాచుకొనేవాళ్ళం.

ఆయన నియమాలు మూడు. ఏ దినుసుకా దినుసు విడిగా నూరాలి. కలిపినదాన్ని మళ్ళీ నూరకూడదు. త్రాసులో తూచాలి, చేతి ఉజ్జాయింపు పనికిరాదు. ఒక మందు కూరి, మిగిలింది ఎత్తిపెట్టి, చోటు తుడిచాకే రెండోది తెరవాలి. అదంతా చాదస్తమనుకొనేవాణ్ణి.

ఆయన పోయాక పెత్తనం నాకు వచ్చింది. మూడో ఏడు, పండుగ రేపనగా, కలిపిన మందులో పలుకులు తగిలాయని కల్వంలో వేసి నూరాను. భగ్గుమన్నది. నాకు కనుబొమలు కాలాయి. బుడ్డి అందించబోయిన తమ్ముడికి కుడిచేయి మణికట్టు దాకా కాలింది. వాడు ఇప్పటికీ నన్నొక మాట అనలేదు.

చాలాకాలానికి, అమెరికాలో కొందరు వాడేసిన తూటా గొట్టాలలో మళ్ళీ మందు నింపుకోవటం ఒక వ్యాపకంగా చేస్తారని చదివాను. బల్ల మీద ఒకసారికి ఒకే మందు డబ్బా ఉండాలి, ప్రతి మోతాదూ తూచాలి, చేసినదంతా చిట్టాలో వ్రాసుకోవాలి. తాతయ్య నియమాలే! ఒక్క తేడా ఉంది. వాళ్ళు పరీక్షించి అచ్చువేసిన పట్టికను దాటరు; డబ్బాలో ఉన్నదేమిటో వాళ్ళకు తెలుసు. మన బజారు పొట్లంలో ఏముందో అమ్మేవాడికే తెలియదు. అలాంటప్పుడు పాళ్ళు తెలిసి ఏం లాభం?

"పూర్వం అందరూ చేసుకోలేదా, ఏమైంది?" అంటారు. ఏమీ కానివాళ్ళే ఆ మాట అనగలరు. గంధకాన్ని పొటాషియం క్లోరేటుతో కలపటాన్ని 1992లోనే ప్రభుత్వం నిషేధించింది. ఆ మిశ్రమానికి నిప్పు కూడా అక్కరలేదు, రాపిడి చాలు. 2014 అక్టోబరు 20న వాకతిప్పలో, 2025 అక్టోబరు 8న రాయవరం మండలంలో బాణసంచా కేంద్రాలు పేలి, ఆ పని మీద బ్రతికేవారే ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2024 దీపావళి నాడు ఏలూరులో స్కూటరు గుంతలో పడి, సంచీలోని ఉల్లిపాయ బాంబులు పేలి, నడిపే మనిషి చనిపోయాడు.

మన దీపావళి జ్ఞాపకాలలో వెలుగు గురించే వ్రాసుకుంటాం, కాలిన చేతుల గురించి వ్రాయం. మిగుల్చుకోవలసినది పాళ్ళ చీటీ కాదు, ఆ చాదస్తం. అది లేకుండా పాళ్ళు మాత్రమే అందుకున్నవాడు ఏం చేస్తాడో నేను చేసి చూపించాను.

మావాడికి ఉప్పుపొట్లం కట్టటం నేర్పుతానన్నాను. పాళ్ళు కావాలంటే ముందు మీ నాన్న కుడిచేయి ఒకసారి చూడు, ఆ తరువాత అడుగు అన్నాను. మళ్ళీ అడగలేదు.