పొగకు కళ్లెం వేసిన ఇంజినీరు

లారీ వెనక నల్లపొగ వస్తోందంటే తప్పెవరిది? ఇంజినుదా, డీజిలుదా? ఆయిల్ కంపెనీలు ఇంజిను వైపు, ఇంజిను కంపెనీలు ఆయిలు వైపు వేలు చూపించడం మామూలే. అమెరికాలో ఈ పంచాయితీని తేల్చిన అధికారుల్లో ముందు చెప్పుకోవాల్సిన పేరు... మార్గో ఓగే.

ఆమె పుట్టింది గ్రీసులో. చదువుకోసం అమెరికా వచ్చి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్‌లో ఇంజినీరింగ్ చదివారు. 1980లో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ)లో ఉద్యోగం. 1994లో వాహన కాలుష్యాన్ని చూసే విభాగానికి డైరెక్టరయ్యారు. 2012లో రిటైరయ్యేదాకా 18 ఏళ్లు అదే బాధ్యత. ఈలోగా ముగ్గురు అధ్యక్షులు మారారు!

ఆమె విభాగం తయారుచేసిన నిబంధనల్లో పెద్దది 2000 డిసెంబరులో వచ్చింది. అప్పటిదాకా రోడ్లమీద తిరిగే వాహనాల డీజిల్లో పది లక్షల వంతులకు 500 వంతుల దాకా గంధకం ఉండొచ్చు. దాన్ని ఏకంగా 15కు తగ్గించమన్నారు. ఎందుకంటే మసిని పట్టే ఫిల్టరూ, విషవాయువులను విరిచే పరికరమూ గంధకం తగిలితే పాడైపోతాయి. ఇంధనం మార్చకుండా ఫిల్టర్ బిగిస్తే, వడపోత గుడ్డలో బురద పోసినట్టే. అందుకే ఇంజినుకూ ఇంధనానికీ కలిపి ఒకే నిబంధన రాశారు.

రిఫైనరీలు ఊరుకోలేదు. ఖర్చు భరించలేమంటూ కోర్టుకెక్కాయి. ఈలోగా ప్రభుత్వం మారింది. నిబంధన అటకెక్కుతుందనుకున్నారంతా. కానీ బుష్ ప్రభుత్వం 2001 ఫిబ్రవరిలో దాన్ని కొనసాగిస్తామని ప్రకటించింది. 2002లో అప్పీళ్ల కోర్టూ సమర్థించింది. 2006లో కొత్త డీజిల్ బంకులకు చేరింది. 2007 నుంచి కొత్త లారీలు వదిలే మసికి పరిమితి 90 శాతం తగ్గింది. పాత బండ్లన్నీ పోయి కొత్తవి వచ్చాక ఏటా 8,300 అకాల మరణాలు తప్పుతాయని ఈపీఏ అంచనా.

ఓగే హయాంలోనే 2010, 2012ల్లో కార్లు వదిలే బొగ్గుపులుసు వాయువుకూ పరిమితులు వచ్చాయి. వాటి కథ వేరు. 2020లో సడలించారు. 2021లో మళ్లీ బిగించారు. 2025లో అసలు పునాదినే రద్దు చేస్తామంటూ ఈపీఏయే ప్రతిపాదించింది.

డీజిల్లోని 15కు మాత్రం ఆ గతి పట్టలేదు. ఎందుకంటే అది కాగితం మీద ఆగిపోలేదు. రిఫైనరీల్లో యంత్రాలు మారాయి, లారీలకు ఫిల్టర్లు వచ్చాయి. ఫైల్లోని అంకెను ఒక్క సంతకంతో కొట్టేయొచ్చు. ఇనుములోకి ఎక్కిన అంకెను చెరపడం అంత తేలిక కాదు.

మన దేశంలోనూ పనిచేసింది ఈ సూత్రమే. 2020 ఏప్రిల్లో భారత్ స్టేజ్-6 వచ్చినప్పుడు కొత్త ఇంజిన్లతోపాటే ఇంధనంలో గంధకం పరిమితినీ 50 నుంచి 10కి దించారు. ఆదిలాబాద్ బంకైనా, అనంతపురం బంకైనా అదే లెక్క!