తెర ముందు, తెర వెనుక ఒక సేవకుడు

సాయంకాల ప్రార్థనకు పిలిస్తే పిల్లలు టీవీ ముందునుండి కదలరని అనేకమంది తల్లులు మాతో చెప్పుకొని బాధపడతారు. అసలు ఆ పెట్టెను ఇంట్లోనికి తేవడమే తప్పని కొందరు పెద్దలంటారు. ఆ మాట విన్నప్పుడెల్లా మాకు అమెరికా దేశస్థుడైన ఫ్రెడ్ రోజర్స్ జ్ఞాపకం వస్తారు.

ఆయన 1928లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాట్రోబ్ పట్టణంలో జన్మించారు. 1951లో కళాశాల చదువు ముగించి పాదిరి కావాలని తలంచారు. ఆ రోజుల్లోనే తల్లిదండ్రుల ఇంట టీవీ చూశారు. మనుషులు ఒకరి ముఖాన ఒకరు తినుబండారాలు విసురుకుంటున్నారు. అది పిల్లలకు వినోదమట! ఆయన మనస్సు నొచ్చుకుంది. ఇంత మంచి సాధనము ఇందుకేనా అనుకున్నారు. అయితే నిందించి ఊరుకోలేదు. న్యూయార్క్ వెళ్లి ఎన్.బి.సి. సంస్థలో చిన్న పనులతో మొదలుపెట్టి, ఫ్లోర్ డైరెక్టర్‌గా ఆ పని నేర్చుకున్నారు.

1953లో ఆ పెద్ద సంస్థను విడిచి, పిట్స్‌బర్గ్‌లో కొత్తగా ఏర్పడుతున్న టీవీ కేంద్రములో చేరారు. పిల్లల కార్యక్రమం నిర్మిస్తూ, తెర వెనుక తానే బొమ్మలాడించేవారు. మధ్యాహ్న విరామ సమయంలో వెళ్లి వేదాంత విద్య చదువుకున్నారు. 1963లో ప్రెస్బిటేరియన్ సంఘము ఆయనను పాదిరిగా అభిషేకించి, టీవీ ద్వారా పిల్లలకు, కుటుంబాలకు సేవ చేయుమని అప్పగించింది. ఆయనకు అదే సంఘము, అదే వేదిక.

1968లో దేశమంతటా ప్రసారమైన ఆయన కార్యక్రమం 'మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్' 2001 వరకు, 895 భాగాలుగా సాగింది. అందులో ఆయన ప్రసంగాలు చేయలేదు. తల్లి అల్లిన స్వెట్టరు తొడుక్కొని, పిల్లవాని ఎదుట కూర్చున్నట్లు నెమ్మదిగా మాట్లాడేవారు.

ఆ కాలంలో అమెరికాలో అనేకచోట్ల నల్లజాతివారిని ఈతకొలనుల్లోనికి రానిచ్చేవారు కారు. 1969లో ఒక భాగంలో రోజర్స్ చిన్న తొట్టెలో నీళ్లు పోసుకొని పాదాలు చల్లబరచుకుంటున్నారు. పోలీసు వేషంలో ఉన్న నల్లజాతి గాయకుడు ఫ్రాన్స్వా క్లెమన్స్ అటు వచ్చారు. రోజర్స్ ఆయనను కూర్చోమన్నారు. ఇద్దరి పాదాలూ ఒకే నీళ్లలో! బావి దగ్గర దూరంగా నిలబెట్టబడిన మన పెద్దలకు ఆ దృశ్యం అర్థం మరొకరు చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి. ఆయన కార్యక్రమంలో చేపలకు మేత వేసేవారు. చూపులేని ఒక పాప, మేత వేసిన సంగతి చెప్పకపోతే చేపలు పస్తున్నాయేమోనని బెంగగా ఉందని తెలియజేసింది. అప్పటినుండి మేత వేసేటప్పుడు ఆ మాట పైకి చెప్పడం ఆయన అలవాటు చేసుకున్నారు. లక్షలమంది చూస్తున్నా, చూడలేని ఒక్క బిడ్డను ఆయన మరువలేదు.

రోజర్స్ 2003లో కన్నుమూశారు. నేడు టీవీతోపాటు సెల్‌ఫోను కూడా మన ఇండ్లలోనికి వచ్చింది. అమ్మలారా, అయ్యలారా, దానిని తిట్టుకుంటూ ఉండడం తేలిక. ఈ రాత్రి పది నిమిషాలు మీ బిడ్డ ప్రక్కన కూర్చోండి. ఏమి చూస్తున్నాడో అడగండి. వాడు చెప్పేది చివరివరకు వినండి. తరువాత ప్రార్థనకు పిలవండి. వస్తాడని మా నమ్మకం.