ఎనిమిది కిలోమీటర్లు ఎవరు కొలుస్తారు?

విశాఖ తీరంలో రింగు వలల గొడవ రాజుకున్న ప్రతిసారీ పత్రికల్లో ఒకటే కథనం. ఫలానా గూడెం, ఫలానా పేట కొట్టుకున్నాయి, మంత్రులు ఇరువర్గాలనూ కూర్చోబెట్టి సర్దిచెప్పారు. 2022 జనవరిలో పడవలు తగలబడ్డప్పుడూ ఇదే రాశారు. పైగా ‘సంప్రదాయ మత్స్యకారులకూ ఆధునిక వలలకూ మధ్య పోరు’ అని శీర్షికలు. ఒడ్డు దాకా వెళ్లి చూసినవాళ్లు అలా రాయరు. రింగు వల లాగేదీ, వద్దని అడ్డం పడేదీ గంగమ్మకు మొక్కి వేటకెళ్లే కుటుంబాలే. రెండు వైపులా ఫైబర్ తెప్పలే, రెండు వైపులా ఇంజిన్లే. తేడా వలలో ఉంది.

కవ్వ చేపలో కానాగంతలో గుంపుగా కనబడగానే తెప్పలు చుట్టూ తిరిగి వలను గోడలా దింపుతాయి. అడుగున వరసగా ఉన్న రింగుల్లోంచి తాడు పోతుంది. దాన్ని లాగితే సంచి మూతి బిగిసినట్టు అడుగు మూసుకుంటుంది. గుంపు గుంపంతా లోపలే. అదే నీళ్లలో మామూలు వల వేసుకున్న ముగ్గురు నలుగురు మనుషుల తెప్పకు ఆ పూట డీజిలు డబ్బులు కూడా రావు. రింగు వలకు పాతిక ముప్పై మంది కావాలి, లక్షల పెట్టుబడి కావాలి. ఆ అప్పు తీరాలంటే రోజూ గుంపు దొరకాలి. గొడవకు మూలం ఇక్కడుంది.

ఇక చట్టం. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల నీళ్లు చిన్న పడవలవి. ఆ గీత గీసింది ట్రాలర్లను దృష్టిలో పెట్టుకుని. అప్పట్లో సముద్రంలో ప్రధానంగా రెండే జాతులు: తెరచాపతోనో తెడ్డుతోనో సాగే తెప్పా, హార్బరు నుంచి వచ్చే పెద్ద బోటూ. తెప్పకే ఇంజిను బిగించి ఇంత పెద్ద వల వేసే రోజు వస్తుందని గీత గీసినవాళ్లు ఊహించినట్టు లేదు. ఇప్పుడు అదే గీతను రింగు వలకు చూపించి, అవతలే వేసుకోండి అంటున్నారు. కవ్వలు తరచుగా గుంపుకట్టేది ఒడ్డు దగ్గరి నీళ్లలో. వాటి కోసమే కట్టిన వలను 8 కిలోమీటర్ల అవతలికి పొమ్మనడమంటే పేరు పెట్టకుండా నిషేధించడమే. ఆ మాట పైకి అనే ధైర్యం మన రాష్ట్రంలో ఏ ప్రభుత్వానికీ లేకపోయింది.

‘మేమూ సంప్రదాయ మత్స్యకారులమే, మా పొట్ట ఎలా కొడతారు’ అన్నది రింగు వల వారి వాదన. దీనికి సుప్రీంకోర్టు జవాబు ఎప్పుడో ఉంది. స్టేట్ ఆఫ్ కేరళ వర్సెస్ జోసెఫ్ ఆంటోనీ, 1993. కేరళ ప్రభుత్వం తన ప్రాదేశిక జలాల్లో పర్స్ సీన్, పెలాజిక్ ట్రాల్, మిడ్ వాటర్ ట్రాల్‌తో పాటు రింగ్ సీన్‌నూ నిషేధించింది. రింగ్ సీన్ అంటే మన రింగు వలే. కేరళలో అది కంపెనీల వల కాదు, పర్స్ సీన్ బోట్లకు పోటీగా అక్కడి తీరపల్లెలు తెచ్చుకున్నది. అయినా కోర్టు నిషేధాన్ని నిలబెట్టింది. వృత్తి స్వేచ్ఛకు 19(6) అధికరణం కింద పరిమితులు పెట్టవచ్చంది, బలహీన వర్గాలను కాపాడమనే 46వ అధికరణాన్ని గుర్తుచేసింది. నా చదువులో ఈ తీర్పు సారం ఒక్కటే: వల వేసేవాడి పుట్టుకను చూడక్కర్లేదు, ఆ వల పక్కవాడి కంచాన్ని ఏం చేస్తోందో చూడాలి. ఇంకోలా చదవొచ్చని వాదించే న్యాయవాదులు నాకు తెలుసు. వాళ్ల వాదన నిలబడుతుందని నేననుకోను.

ఈమధ్య 2023 జనవరి నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వును కూడా రింగు వలకు పచ్చజెండాగా చెబుతున్నారు. అది తమిళనాడు కేసు. పర్స్ సీన్ వలలకు అనుమతి ఇచ్చింది 12 నాటికల్ మైళ్లు దాటాకే, వారంలో సోమ, గురువారాలు రెండు రోజులే, పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకానే. పన్నెండు మైళ్ల లోపల రాష్ట్రానికున్న అధికారాన్ని అది ముట్టుకోలేదు.

అయినా అసలు చిక్కు తీర్పుల్లో లేదు, కొలతలో ఉంది. పాత తరం జాలరి ఒక కొండకూ ఇంకో గుర్తుకూ వరస కుదిరిందా అని చూసి తన చోటు చెప్పగలడు. కుర్రాళ్ల ఫోన్లలో జీపీఎస్ ఉంది. మరి ఒడ్డున నిలబడిన ఇన్‌స్పెక్టరుకు? తిరిగొచ్చిన తెప్పలో కవ్వలు కనబడతాయి కానీ, అవి ఏడో కిలోమీటరులో పడ్డాయో తొమ్మిదిలో పడ్డాయో వాటి మొహాన రాసి ఉండదు. అందుకే ప్రతి గొడవా నడిసముద్రంలో, తెప్పకు తెప్ప అడ్డం పెట్టి, మనుషులే గీత గీసుకునే దాకా వెళుతోంది.

అదే 1994 చట్టం కింద ఇంకో నిబంధన ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. వల కన్ను 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. దీన్ని కొలవడానికి పహరా బోటు అక్కర్లేదు, ఇసుకలో ఆరబెట్టిన వల పక్కన కూర్చుని స్కేలు పెడితే చాలు. కేరళ మరో అడుగు వేసి నూనె కవ్వ 10 సెంటీమీటర్లు, కానాగంత 14 సెంటీమీటర్లు లేకపోతే పట్టకూడదంది. అది రేవులో, బుట్ట దగ్గరే తేలిపోయే విషయం. మన నిబంధనల్లో రింగు వల పేరు తిన్నగా రాసి, కన్ను కొలత, చేప కొలత, వేట రోజులు దానికి కట్టి, తప్పితే వల జప్తు అనాలి. అది చేయనంత కాలం సర్దుబాటు సమావేశాలు ఎన్ని పెట్టినా, ఇరువర్గాలూ కాగితం మీద సంతకం చేసి మళ్లీ అదే నీళ్లలోకి వెళతాయి.